జారిన చిగుళ్లు: తోమనివారికీ, తెగ తోమేవారికీ

సికింద్రాబాద్‌లో ఏ పంటి డాక్టరు దగ్గర కాసేపు కూర్చున్నా, చిగుళ్లు జారాయని వచ్చేవాళ్ళలో రెండు రకాలు కనిపిస్తారు. ఒకరు సైనిక్‌పురిలోనో, మారేడ్‌పల్లిలోనో స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. క్రమశిక్షణ గల మనిషి. పొద్దునా రాత్రీ గట్టి బ్రష్షు పట్టి గిన్నె తోమినంత శ్రద్ధగా తోముతారు. పళ్ళు మిలమిలలాడుతుంటాయి, రక్తం చుక్క రాదు. కానీ కోరపళ్ళ దగ్గర చిగురు వెనక్కి తగ్గి, పసుప్పచ్చని వేరు బయటపడి ఉంటుంది. రెండోవారు ఎవరైనా కావచ్చు: మోండా మార్కెట్‌లో మూటలు దించే మనిషి, సిగరెట్టు మానలేని గుమాస్తా, పదేళ్ళుగా షుగర్ ఉండి ఒక్కసారీ పళ్ళు చూపించుకోని గృహిణి. పళ్ళ మొదట్లో గార గడ్డకట్టి, చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, పళ్ళ మధ్య సందులు తెరుచుకుని ఉంటాయి. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే: ఇరానీ చాయ్ నోట్లో పోసుకుంటే జివ్వుమంటోంది. ఇద్దరూ తమకు తాము చెప్పుకునే కారణమూ ఒకటే: వయసు.

ఆ కారణం తప్పు. ఒకే ఫలితానికి చేర్చిన దారులు వేరు కాబట్టి వైద్యమూ వేరు కావాలి. చిగుళ్ల గురించి వందేళ్ళుగా పోగుపడిన పరిజ్ఞానమంతా తిరగేస్తే నాకు అర్థమైంది ఇదే.

ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటుంది. నార్వే దంతవైద్యుడు హరాల్డ్ లోయె 1969లో ఓస్లోలో చదువుకున్న మగవాళ్ళను, 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే తమిళ కూలీలను ఎంచుకున్నాడు. ఓస్లో వాళ్ళకు చిన్ననాటి నుంచీ దంతవైద్యం అందింది, రోజూ బ్రష్ చేసే అలవాటుంది. తోట కూలీలకు వైద్యమూ లేదు, బ్రష్షూ లేదు. ఈ రెండు బృందాలనూ దాదాపు ఇరవయ్యేళ్ళు గమనించి, చిగుళ్లు జారిన లెక్కలను లోయె బృందం 1992లో ప్రచురించింది. ఓస్లోలో ఇరవయ్యేళ్ళకే 60 శాతానికి పైగా మందికి ఎక్కడో ఒకచోట చిగురు జారింది, యాభైకి చేరేసరికి 90 శాతం దాటారు. అంత శుభ్రంగా ఉన్నవాళ్ళకు ఎందుకు జారినట్టు? ఎక్కడ జారిందో చూస్తే తెలుస్తుంది: దాదాపుగా బయటివైపే, బ్రష్షు బలంగా తగిలే చోటే. శ్రీలంకలో ఇరవై లోపు వాళ్ళలో 30 శాతానికి మించి ఉండగా, ముప్ఫై నాటికి అది 90 శాతమైంది, నలభైకి నూటికి నూరు. అక్కడ జారింది బయటివైపు ఒక్కటే కాదు. నాలుక వైపు, పళ్ళ సందుల్లో, అన్ని వైపులా జారింది. రెండు పళ్ళ మధ్య ముక్కోణంలా ఉండే చిగురు పోవడం, కోరపంటి ముందు చిగురు తగ్గడం ఒకటి కావు. చికిత్స దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాయే అన్నిటికంటే ముఖ్యమవుతుంది.

ఆ తోటల నుంచే వచ్చిన ఇంకో లెక్క మన ఇళ్ళలో తరచూ వినిపించే వాదానికి జవాబు చెబుతుంది. "మా తాత ఏనాడూ బ్రష్షు పట్టలేదు, తొంభై ఏళ్ళకూ చెరుకు నమిలాడు" అంటారు. నిజమే అయి ఉంటుంది. ఏ వైద్యమూ లేని ఆ కూలీల్లో దాదాపు 11 శాతం మందికి చిగుళ్ల వాపు తప్ప ఎముక దాకా వ్యాధి పాకలేదు. 81 శాతం మందిలో వ్యాధి ఒక మోస్తరు వేగంతో ముదిరింది. మిగిలిన 8 శాతం మందిలో అతివేగంగా పాకి, నలభై అయిదు నాటికి దాదాపు పళ్ళన్నీ ఊడగొట్టింది. తాతగారు ఆ 11 శాతంలో పుట్టారు. మనవడు ఏ వాటాలో పడతాడో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

వయసు మాటకొస్తే, అమెరికా లెక్కల్లో 18 నుంచి 64 ఏళ్ళ వారిలో సగం మందికి, 65 దాటినవారిలో 88 శాతానికి కనీసం ఒక పంటి దగ్గర చిగురు జారి ఉంది. చూడగానే వయసే కారణమనిపిస్తుంది. కానీ ముసలితనం చిగురును తనంతట తాను జార్చదు. ఏళ్ళతరబడి పడిన ఒత్తిడి, పేరుకున్న పాచి, కాల్చిన పొగ, అన్నీ కలిసి బయటపడే గడువు అది.

అసలు లోపల జరిగేదేమిటి? చిగురు పంటిని పట్టుకుని నిలబడేది తన బలంతో కాదు, కింద ఉన్న దవడ ఎముక బలంతో. పందిరి రాట పడిపోతే తీగ వాలిపోయినట్టు, ఎముక ఎక్కడ తగ్గితే చిగురు అక్కడికి దిగుతుంది. పంటి ముందు భాగాన ఉండే ఎముక, ముఖ్యంగా కోరపళ్ళ దగ్గరా కింది ముందు పళ్ళ దగ్గరా, కొందరిలో కాగితమంత పలచన. కొందరికి పుట్టుకతోనే కొంత మేర ఎముక ఉండదు. పైన చిగురు మందంగా ఉంటే ఏళ్ళు గడిచినా ఏమీ కాదు. పలచగా ఉంటే ఒక చిన్న వాపో, ఒక గట్టి బ్రష్షో సరిపోతుంది. డాక్టర్లు చిగురు సందులోకి సన్నని కొలత పుల్ల పెట్టి చూస్తారు. పుల్ల నీడ చిగురులోంచి కనిపిస్తే అది పలచని చిగురు. అలాంటివాళ్ళు జీవితాంతం జాగ్రత్త పడాలి. వరుస తప్పి ముందుకు పొడుచుకొచ్చిన పన్ను ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

వేరు బయటపడితే ఎందుకు జివ్వుమంటుంది? వేరు మీద ఎనామిల్ ఉండదు. కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేరులోంచి లోపలి నరం దాకా పోతాయి. వేడి, చలి, పులుపు తగిలితే ఆ గొట్టాల్లోని ద్రవం కదిలి నరాన్ని కదుపుతుంది. స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో ఈ సంగతి తేల్చాడు. జివ్వుమనకపోతే రోగం లేదని కాదు. అద్దంలో పళ్ళు మునుపటికంటే పొడుగ్గా కనిపించడం, పంటి మొదట్లో గోరుకు గాడి తగలడం, తిన్న ప్రతిసారీ మాంసం పీచో ఆకుకూర ఈనెనో సందుల్లో ఇరుక్కోవడం అంతకంటే ముందే వచ్చే సూచనలు.

ఇక పొగాకు. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో, ఆజమాబాద్‌లో, 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ సిగరెట్టును దేశమంతా తాగించింది. ఈ ఊళ్ళో కొన్ని తరాల మగవాళ్ళ చిగుళ్ల చరిత్ర రాస్తే అందులో ఆ పసుపు పెట్టెకు ఒక అధ్యాయం తప్పదు. పొగతో వచ్చే మోసం ఏమిటంటే, అది చిగుళ్లలో రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందువల్ల రక్తం కారదు, ఎర్రబడదు, పైకి చిగురు లేత రంగులో ఆరోగ్యంగా కనిపిస్తుంది. లోపల ఎముక మాత్రం కరిగిపోతూ ఉంటుంది. సిగరెట్టు మానగానే రక్తం కనిపించి "మానడం వల్లే వచ్చింది" అని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళున్నారు. జర్దా, గుట్కా దారి వేరు. రోజూ దవడన పెట్టుకునే చోటే చిగురు నేరుగా జారుతుంది, నోట్లో ఆ స్థానం చూసి ఏ వైపు నమిలేదీ చెప్పేయొచ్చు. 2016-17 జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, 21.4 శాతం నోట్లో పెట్టుకునే రకాలు వాడుతున్నారని తేలింది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని విశాఖ వైద్యులు 1950లలోనే రాశారు. పొగాకు కలిపిన పళ్ళపొడిని, పేస్టునూ కేంద్రం 1992లో నిషేధించింది. అయినా నస్యం చిటికెడు తీసి చిగుళ్లకు రాసుకునే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. నొప్పి తగ్గుతుందని మొదలుపెట్టి, నికోటిన్‌కు అలవాటుపడి మానలేకపోయినవారే చాలా మంది.

బ్రష్షు దగ్గరికొద్దాం. ఇక్కడ ఈ ఊరికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 1912లో, ఆ పరాన్నజీవిని మనిషి శరీరం బయట గాజు నాళికలో పెంచి చూపించినవాడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వైద్యుడు చార్లెస్ బాస్. ఈ బాస్‌కు చిగుళ్ల మీదా పిచ్చి. పయోరియాకు అమీబా కారణమని ఒక కాలంలో నమ్మి, ఎమెటిన్ మందు వాడమని పుస్తకం రాశాడు. అది నిలవలేదు. వైద్య కళాశాల డీన్ పదవి నుంచి దిగిపోయాక మైక్రోస్కోపు ముందు కూర్చుని, పాచి నిలిచేది పంటి మీద కాదు, పన్నూ చిగురూ కలిసే సందులో అని తేల్చాడు. 1940ల చివర్లో ఆయన సూచించిన పద్ధతే ఇవాళ ప్రపంచమంతా నేర్పుతున్నది: గుండ్రని కొసలున్న మెత్తటి నైలాన్ కుచ్చుల బ్రష్షు, దాన్ని చిగురు అంచుకు 45 డిగ్రీల కోణంలో ఆనించి, ఉన్నచోటే చిన్నగా కంపించినట్టు కదపడం. అటూ ఇటూ రంపం కోసినట్టు లాగడం కాదు. కుచ్చు మందం అంగుళంలో వెయ్యింట ఏడు వంతులుండాలని కూడా ఆయన కొలిచి చెప్పాడు. మన కిరాణా కొట్టులో "గట్టిదివ్వు బాబూ, మెత్తదైతే పాచి పోదు" అని అడిగి తీసుకునేవాళ్ళకు ఆయన జవాబు డెబ్భై అయిదేళ్ళ కిందే తయారై ఉంది.

గట్టిగా తోమితే చిగురు జారుతుందన్నది నూటికి నూరుపాళ్ళు రుజువైందా అంటే, కాలేదు. 2007లో అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసినవారు సాక్ష్యం నిర్ణయాత్మకంగా లేదన్నారు. ఎక్కువసార్లు తోమడం, అడ్డంగా తోమడం, గట్టి కుచ్చులు, ఒత్తిడి వంటివాటికి కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, కొన్నింట్లో లేదు. కారణాలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి విడదీయడం కష్టం. అయినా ఓస్లో లెక్కలు చూశాక, మెత్తటి బ్రష్షుకు మారితే పోయేదేమీ లేదన్నది నా అభిప్రాయం. పుల్లలు నమలడం ఘనంగా చెప్పుకునే చోట ఇంకొకటి కూడా చెప్పాలి. వేపపుల్ల, కానుగపుల్ల పాచి తీస్తాయి, చాలా మందికి అందుబాటులో ఉన్నవి అవే. కానీ 1991లో సౌదీ అరేబియాలో చేసిన అధ్యయనంలో మిస్వాక్ పుల్ల వాడేవాళ్ళకు బ్రష్షు వాడేవాళ్ళకంటే చిగుళ్లు ఎక్కువ జారాయి. పుల్ల తప్పు కాదు, చిగురు మీద దాన్ని అడ్డంగా రుద్దడం తప్పు. ఇటుక పొడి, కచ్చిక, బొగ్గు గురించి వాదించాల్సిన పని లేదు, అవి వేరును అరగదీస్తాయి. మన అమ్మమ్మలు మానేసిన బొగ్గు ఇప్పుడు నల్లటి ట్యూబులో పేస్టుగా వచ్చి నాలుగింతల ధరకు అమ్ముడవుతోంది.

పళ్ళ సందులకు బ్రష్షు చేరదు. అక్కడ దారం, సందు పెద్దదైతే సన్నని సందు బ్రష్షు వాడాలి. ఇవి మన ఊళ్ళో అమ్ముడుపోయేది తక్కువ, టూత్‌పిక్ మాత్రం ప్రతి హోటల్ బల్ల మీదా ఉంటుంది. కొసతో చిగురును పొడుచుకునే ఈ టూత్‌పిక్ అలవాటు సందు చిగురు పోవడానికి ఇంకో కారణం.

ఇంత చెప్పినా, సికింద్రాబాద్‌లో చిగుళ్లకు పెద్ద శత్రువు బ్రష్షు కాదు, క్లీనింగ్ అంటే ఉన్న భయం. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు లూజైపోతాయండీ" అనే మాట చదువుకున్నవాళ్ళ నోటి నుంచే వింటాం. ఎందుకలా అనిపిస్తుందో అర్థం చేసుకోవాలి. ఎముక తగ్గి కదులుతున్న పళ్ళను చుట్టూ గడ్డకట్టిన గార అతికించి ఉంచుతుంది. అది తీసేయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. వాచిన చిగురు వాపు తగ్గి తన అసలు స్థాయికి దిగుతుంది, దాంతో సందులు పెద్దవైనట్టు, వేరు ఇంకా బయటపడినట్టు కనిపిస్తుంది. కొన్నాళ్ళు చలి తగిలితే జివ్వుమంటుంది. రోగి డాక్టర్ని తిట్టుకుంటూ వెళ్తాడు. దీన్ని ముందే చెప్పకపోవడం చాలా మంది డాక్టర్ల లోపం. వాపు తగ్గిన చిగురు తక్కువగా కనిపిస్తుంది కానీ గట్టిగా పట్టుకుంటుంది. ఇదే లోయె 1965లో ఆర్హస్‌లో పన్నెండు మందిని పళ్ళు తోమొద్దని కోరి చూశాడు. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే వారం రోజుల్లో సర్దుకున్నాయి. వాపు మాత్రమే ఉన్న ఈ దశలో వెనక్కి రావచ్చు. ఎముక కరిగాక రాలేం.

షుగర్ సంగతి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ లెక్కకట్టింది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు త్వరగా చెడతాయి, చిగుళ్లు చెడితే చక్కెర అదుపు కష్టమవుతుంది. చిగుళ్లకు లోతుగా శుభ్రం చేయిస్తే మూడు నెలల సగటు చక్కెర విలువ 0.3 నుంచి 0.5 శాతం పాయింట్ల దాకా తగ్గుతుందని 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఒక మాత్ర చేసే పనికి అది దగ్గరే. అయినా షుగర్ డాక్టరు పాదాలు చూస్తాడు, కళ్ళు చూపించుకోమంటాడు, నోరు తెరవమనేవారు తక్కువ.

పిల్లలకూ చిగురు జారుతుంది. ఆరేడేళ్ళ పిల్లల్లో కింది ముందు పన్ను ఒకటి బయటికి వంగి వస్తే అక్కడ చిగురు తక్కువగా కనిపించడం మామూలే, దవడ పెరిగేకొద్దీ చాలా సందర్భాల్లో సర్దుకుంటుంది. ఆ వయసులో కోత పెట్టమనే డాక్టరును ఇంకొకరిని అడిగి చూడాలి. కౌమారంలో క్లిప్పులు వేయించేటప్పుడు వేరే జాగ్రత్త కావాలి. పన్నును ఎముక హద్దు దాటి ముందుకు తోస్తే చిగురు తర్వాత జారుతుంది, కొన్నిసార్లు క్లిప్పులు తీసిన ఏళ్ళకు. పెళ్ళికి ముందు తొందరగా పళ్ళు వరుసలోకి తెమ్మనే ఒత్తిడి మన దగ్గర ఎక్కువ. చిగురు పలచగా ఉన్న అమ్మాయికో అబ్బాయికో పళ్ళు కదిపే ముందే చిగురు మందం చూడమని అడగాలి. గర్భిణులకు చిగుళ్లు వాచడం సహజమే. అది సాకుగా శుభ్రం చేయించుకోవడం మానకూడదు, గర్భం మధ్య నెలల్లో చేయించుకోవడం క్షేమం.

చికిత్స అనగానే అందరూ ముందుగా అడిగేది, పోయిన చిగురు మళ్ళీ పెరుగుతుందా అని. తనంతట తాను పెరగదు. నువ్వుల నూనె పుక్కిలింపు మన సంప్రదాయంలో పాతదే, నోటికి హాయిగా ఉంటుంది. కానీ నూనె గానీ, జెల్ గానీ, పేస్టు గానీ చిగురును మొలిపించదు. సుశ్రుతుడు చిగుళ్లు మెత్తబడి రక్తం కారి కుళ్ళే రోగానికి చెడు రక్తం తీసేసి, పుక్కిలింతలు చేయమన్నాడు. జారిన చిగురు తిరిగి పెరుగుతుందని చెప్పలేదు.

జారడం ఆగితే చాలా మందికి అదే చికిత్స. తోమే తీరు మార్చి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు కొన్ని వారాలు వాడితే జివ్వుమనడం తగ్గుతుంది. తగ్గకపోతే ఫ్లోరైడ్ వార్నిష్, గాడి లోతుగా ఉంటే పన్ను రంగు సిమెంటుతో నింపడం. జారడం ఆగకుండా ముదురుతున్నా, నవ్వితే కనిపించి బాధపెడుతున్నా, మిగిలిన చిగురు బలహీనంగా ఉన్నా అప్పుడు కోత గురించి ఆలోచించాలి.

కోతల చరిత్ర ఆసక్తికరం. 1956లో పక్క పంటి చిగురును ఒక పొరగా జరిపి వేరును కప్పారు. 1960లలో అంగిలి నుంచి తీసిన పొరను నేరుగా అతికించారు. బతికేది గానీ, రంగు కలవక అతుకు తెలిసిపోయేది. 1985లో లాంగర్ ద్వయం అంగిలి పైపొర కింద ఉండే కణజాలం మాత్రమే తీసి, ఉన్న చిగురును పైకి లాగి దాని కింద పెట్టడం చూపించారు. రంగు కలిసింది, మందమూ వచ్చింది. ఇవాళ్టికీ దాన్ని మించినది రాలేదని నేను చదివిన సమీక్షలన్నీ చెబుతున్నాయి. తర్వాత వచ్చినవాటిలో సొరంగం పద్ధతి, 2012లో జాన్ చావో ప్రచారం చేసిన సూదిబెజ్జం పద్ధతి, రోగి రక్తం తిప్పి తీసే ఫైబ్రిన్ పొర ఉన్నాయి. అంగిలిని కోయకుండా తప్పించుకోవడం వీటిలో కొన్ని ఇచ్చే సౌలభ్యం. ఎక్కువ ఫలితమని ప్రకటనలు చెప్పినంత లేదు.

మొదట చెప్పిన తేడా ఇక్కడ తేలుతుంది. 1985లో అమెరికా వైద్యుడు మిల్లర్, 2011లో ఇటలీకి చెందిన కైరో ఇచ్చిన వర్గీకరణలు రెండూ చెప్పేది ఒక్కటే: పళ్ళ మధ్య ముక్కోణపు చిగురు, దాని కింద ఎముక నిలిచి ఉంటే వేరు పూర్తిగా కప్పవచ్చు. కొంత పోతే కొంతే కప్పవచ్చు. అది పూర్తిగా పోతే ఏ కోతా మునుపటిలా చేయలేదు. కాబట్టి తెగ తోమి చిగురు జార్చుకున్న సైనిక్‌పురి పెద్దమనిషికి కోత బాగా పనికొస్తుంది. గార వల్ల సందులు పోగొట్టుకున్న రోగికి ముందు రోగాన్ని అదుపు చేయాలి, నిండా కప్పుతామన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. హామీ ఇచ్చినవారిని అనుమానించాలి. వయసు అడ్డు కాదు, అరవై దాటినా ఆరోగ్యవంతుల్లో అతుకు బతుకుతుంది. పొగ తాగేవారిలో మాత్రం ఫలితం బాగా తగ్గుతుంది.

ఖర్చు చాలా మందిని ఆపుతుంది. అఫ్జల్‌గంజ్‌లో 1959లో మొదలైన ప్రభుత్వ దంత కళాశాల ఆస్పత్రి ఉంది. సికింద్రాబాద్ జవహర్‌నగర్ వైపు 2001లో ఆర్మీ కాలేజ్ ఆఫ్ డెంటల్ సైన్సెస్ వచ్చింది. దంత కళాశాలల్లో చిగుళ్ల విభాగం వేరుగా ఉంటుంది, పీజీ విద్యార్థులు అధ్యాపకుల కనుసన్నల్లో పనిచేస్తారు, ధర ప్రైవేటు కంటే చాలా తక్కువ. సమయం ఎక్కువ పడుతుంది, నాలుగైదు సార్లు తిరగాలి. అయితే క్లీనింగ్ దగ్గర తొందరపడి వదిలేయకుండా చేస్తారు, వేరు మీద గార కూడా తీస్తారు. మధ్యతరగతి ఇళ్ళు ఈ కళాశాలల మెట్లెక్కడానికి మొహమాటపడటం నాకు అర్థం కాదు.

పెద్దవయసులో చిగురు కంటే వేరును కాపాడటం ముఖ్యమవుతుంది. ఎనామిల్ కరగాలంటే నోట్లో పులుపును కొలిచే పీహెచ్ అంకె 5.5 దాకా దిగాలి, వేరు దానికి ముందే, 6.2 నుంచి 6.7 మధ్యనే కరగడం మొదలవుతుంది. బీపీ, అలర్జీ, నిద్ర కోసం వాడే చాలా మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. ఎండిన నోట్లో బయటపడిన వేళ్ళు చిగురు అంచు వెంబడి నల్లగా పుచ్చుతాయి, నొప్పి తెలిసేలోపే పన్ను మొదలుకంటా విరుగుతుంది. వీళ్ళకు కోత కంటే ఫ్లోరైడ్ పేస్టు, మూడు నాలుగు నెలలకోసారి వేరుకు ఫ్లోరైడ్ వార్నిష్, భోజనాల మధ్యలో చిరుతిళ్ళు తగ్గించడం, మాటిమాటికీ గుక్కెడు నీళ్ళు ఎక్కువ మేలు చేస్తాయి. చేతివేళ్ళు సరిగ్గా పట్టనివాళ్ళకు పిడి లావుగా ఉండే బ్యాటరీ బ్రష్షు ఇవ్వాలి, ఒత్తిడి పెరిగితే ఆగిపోయే రకం దొరికితే మరీ మంచిది. తీసిపెట్టే పళ్ళసెట్టు వాడేవారు దాని తీగ తగిలే పన్ను దగ్గర చిగురు ఒరిసిపోతోందేమో ఏటా చూపించుకోవాలి. నిద్రలో సెట్టు తీసి నీళ్ళలో పెట్టాలి, రాత్రంతా అది నోట్లో ఉంటే దాని కింద పాచి ఇంకా పేరుకుంటుంది.